దవడ పన్నుకి ఫిల్లింగ్: నా అనుభవం

పీచు మామిడి తినేటప్పుడు మొదట తెలిసింది. ఎడమ కింది దవడలో ఒకే సందులో పీచు ఇరుక్కునేది. మిగతా ఏ సందులోనూ కాదు, అక్కడే. తేగ తిన్నా అక్కడే, మాంసం తిన్నా అక్కడే. బాగున్న రెండు పళ్ళు ఒకదానికొకటి గట్టిగా ఆనుకుని ఉంటాయి. ఆ ఆనుడు దగ్గర పళ్ళ మధ్య దూర్చే దారం కూడా 'టిక్' మంటేగానీ కిందికి దిగదు. అలాంటి చోట ఆహారం ఇరుక్కోవడం మొదలైందంటే పన్ను పక్కగోడ పుచ్చిపోయి ఉండాలి, లేదా పాత ఫిల్లింగ్ అంచు విరిగి ఉండాలి, లేదా చిగురు దిగిపోయి ఉండాలి. నాకు మొదటి రెండూ ఉన్నాయి. కొన్నేళ్ళ కిందట ఒక చోట పెట్టించిన సిమెంటు అంచు విరిగి, దాని పక్కనే మళ్ళీ పుచ్చు పట్టింది. నొప్పి లేదు. దారం దూరిస్తే మాత్రం పోగులు పోగులుగా చీలి వచ్చేది. దారం చీలుతోందంటే లోపల ఎక్కడో గరుకు అంచు ఉన్నట్టు. నొప్పి కంటే ముందు కనబడే గుర్తు ఇది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరమ్మ ముందు అడిగినవి పంటి గురించి కాదు. బీపీ ఉందా, సుగర్ ఉందా, గుండెకి సంబంధించిన మందులు గానీ రక్తం పలచబడే మాత్రలు గానీ వాడుతున్నారా, ఇదివరకు మత్తు ఇంజెక్షన్ పడక ఇబ్బంది పడ్డారా, పొద్దున్న ఏమైనా తిన్నారా అని అడిగారు. చివరిది చాలామంది పట్టించుకోరు. పంటి దగ్గరికి ఖాళీ కడుపుతో వెళ్ళాలనుకుంటారు. ఫిల్లింగ్‌కి తినే వెళ్ళాలి. ఆకలికి భయం తోడైతే సూది పడగానే కళ్ళు తిరుగుతాయి. పైగా మత్తు దిగేదాకా మళ్ళీ తినడానికి ఉండదు.

తరవాత పరీక్ష. చల్లటి స్ప్రే కొట్టిన దూది ఉండను పంటికి ఆనించారు. జివ్వుమంది. దూది తీసిన రెండు మూడు సెకన్లకి తగ్గిపోయింది. చిన్న అద్దం కాడతో పంటి మీద నిలువునా, పక్క నుంచీ తట్టారు. నొప్పి లేదు. ఫిల్లింగ్ సరిపోతుందా, రూట్ కెనాల్ దాకా వెళ్ళాలా అన్నది చాలావరకు తేలేది ఇక్కడే. చల్లదనం తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే తగ్గిపోతే లోపలి నరం ఇంకా కోలుకునే స్థితిలో ఉన్నట్టు. చల్లదనం తీసేశాక కూడా నొప్పి నిమిషాల తరబడి లాగుతున్నా, వేడి టీకి మొదలవుతున్నా, రాత్రి పడుకున్నాక దానంతటదే లేస్తున్నా ఫిల్లింగ్ వేయించుకుని లాభం లేదు. డబ్బూ పోతుంది, నొప్పీ పోదు. 'ముందు సిమెంటు పెట్టేయండి, తరవాత చూద్దాం' అని పేషెంట్లే పట్టుబట్టడం వెయిటింగ్ హాల్లో చాలాసార్లు విన్నాను. అలా పెట్టించుకున్న సిమెంటు కింద చీము పడితే, దానికి బయటికి దారి ఉండక రాత్రికి దవడ వాచిపోతుంది.

ఎక్స్‌రే రెండు రకాలుగా తీశారు. ఒకటి వేరు చివరిదాకా కనబడేది. ఇంకోటి చిన్న రెక్కలాంటిది పళ్ళతో కరిచి పట్టుకుంటే పై, కింది పళ్ళ తలలు రెండూ పడేది. పళ్ళ సందులో పుచ్చు అద్దంలో చూస్తే సాధారణంగా దొరకదు, ఈ రెండో రకం ఎక్స్‌రేలో దొరుకుతుంది. తెరమీద నా పన్ను పక్కన నల్లటి నీడ. బయటి పింగాణీ పొర దగ్గర సన్నగా ఉండి, లోపలి దంతపు పొరలోకి వెళ్ళగానే గొడుగులా విచ్చుకుంది. చెద పట్టిన ద్వారబంధం గుర్తొచ్చింది. పైన రంగు బాగానే ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగుతుంది. పింగాణీ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం, కానీ ఆమ్లం ముందు ఆగదు. ఆమ్లాన్ని కొలిచే లెక్క పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు. నోట్లో పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే పింగాణీ కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పళ్ళ మీది పాచిలోని సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. లాలాజలం దాన్ని విరిచి, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి పెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. లోపలి దంతపు పొర ఇంకా మెత్తన. అది 5.5 దాకా కూడా ఆగలేదు, అంతకంటే తక్కువ ఆమ్లానికే కరుగుతుంది. బయట ఆవగింజంత కన్నం, లోపల శనగగింజంత గుల్ల అయ్యేది అందుకే.

పంటి పురుగు అనేది లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. మన పల్లెల్లో ఇప్పటికీ వాకుడు గింజల పొగ పట్టించి 'పురుగులు రాలాయి' అని చూపించేవాళ్ళున్నారు. పుచ్చు పట్టించేది కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి పొగకి రాలవు.

పాత సిమెంటు ఎందుకు విరిగిందో కూడా అడిగాను. దాన్ని గ్లాస్ అయొనొమర్ అంటారు, సంక్షిప్తంగా జీఐసీ. పొడి, ద్రవం కలిపి పెడతారు. పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, పుచ్చుని అడ్డుకునే ఫ్లోరైడ్‌ని కొద్దికొద్దిగా వదులుతుంది, కాస్త తడి ఉన్నా ఓర్చుకుంటుంది. పిల్లల పాల పళ్ళకి, చిగురు దగ్గర అరిగిన పంటి మెడకి మంచిది. కానీ పెళుసు. దవడ పన్ను పక్కగోడ మొత్తం దాంతోనే కడితే నమిలే బరువుకి అంచు పలుకులుగా రాలుతుంది. నాకు జరిగిందదే. సిమెంటు చెడ్డది కాదు, పెట్టిన చోటు దానిది కాదు.

వెండి ఫిల్లింగ్ అనేది వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో కలిపినది. బరువులో సుమారు సగం పాదరసమే. గట్టిది, ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ మామూలుగా పంటికి అంటుకోదు. లోపల వెడల్పు, పైన ఇరుకు ఉండేలా గుంట చెక్కితేనే నిలుస్తుంది, దానికి కొంత మంచి పన్ను కూడా కోయాలి. పాదరసం మీద మినమాటా ఒప్పందంలో మన దేశమూ ఉంది. 15 ఏళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇది వాడవద్దని 2022లో ఆ ఒప్పందంలో చేర్చారు. పాతది బాగా ఉన్నవాళ్ళు మాత్రం నల్లగా ఉందని పీకించుకోనక్కరలేదు. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది.

నాకు పెట్టింది కాంపోజిట్, పంటి రంగులో ఉండే రెసిన్. దీనికి ఒక్కటే షరతు. పెట్టినంతసేపూ పన్ను పొడిగా ఉండాలి. ఉమ్ము చుక్క పడినా, చిగురు రక్తం చెమ్మ తగిలినా అతుకు చెడుతుంది. పైకి అప్పుడు ఏమీ కనబడదు. కొన్ని నెలలకి అంచు చుట్టూ గోధుమరంగు గీత కనబడుతుంది, ఆ తరవాత దాని కింద పుచ్చు.

కుర్చీలో పడుకున్నాక ముందు చిగురుకి జెల్ రాశారు, తరవాత ఇంజెక్షన్. 2 శాతం లిగ్నోకెయిన్ అనే మత్తు మందు, దాంట్లో 80,000 పాళ్ళకి ఒక పాలు అడ్రినలిన్. కింది దవడ పళ్ళకి పంటి పక్కనే పొడిస్తే చాలదు. దవడ చివర, నరం ఎముకలోకి దూరే చోట ఇస్తారు. ఆ అడ్రినలిన్ వల్ల ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. ముందే తెలిస్తే భయం వేయదు. మూడు నుంచి ఐదు నిమిషాల్లో కింది పెదవి సగం మొద్దుబారింది. పెదవి మొద్దుబారకుండా డ్రిల్ మొదలుపెడితే చెప్పాలి, ఒక్కోసారి రెండో డోస్ కావాల్సి వస్తుంది. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను. తల మాత్రం కదపకండి" అన్నారు డాక్టరమ్మ. ఈ ఒప్పందం ముందే చేసుకోవాలి. నోరు తెరిచాక మాట రాదు.

తరవాత రబ్బరు డ్యామ్. పలచటి రబ్బరు రేకుకి కన్నం పెట్టి, పన్ను ఒక్కటీ అందులోంచి పైకి వచ్చేలా ఇనుప క్లిప్పుతో బిగిస్తారు. ఊపిరి ముక్కుతో తీసుకోవాలి. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే వెళ్ళే రోజు మార్చుకోవడమే మంచిది. అన్ని చోట్లా ఇది వాడరు. దూది చుట్టలూ, ఉమ్ము లాగే గొట్టంతోనే పని కానిస్తారు. ఓపికగా దూది మారుస్తూ చేస్తే అలా కూడా బాగా వస్తుంది. కానీ కింది దవడ పన్ను, అందులోనూ సందు ఫిల్లింగ్ అయితే డ్యామ్ వేస్తారా అని అడగడంలో తప్పులేదు. నాలుక పక్కన ఉమ్ము ఊరే చోటు అదే.

ఎయిరోటర్ అనే డ్రిల్ నిమిషానికి మూడు లక్షల చుట్లకి పైగా తిరుగుతుంది, వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది. దాంతో పాత సిమెంటు, పింగాణీ పై అంచు తీశారు. ఆ తరవాత శబ్దం మారింది. చిన్న గుండు మొనతో నెమ్మదిగా తిరిగే డ్రిల్, దాని తరవాత చేత్తో పట్టుకునే బుల్లి గరిటె. మెత్తబడ్డ పుచ్చు తడి తోలు పొరల్లా గరిటెకి లేచి వచ్చింది. అద్దంలో చూపించారు. ఎక్కడ ఆపాలన్నది రంగుని బట్టి కాదు, గట్టిదనాన్ని బట్టి. నరానికి దగ్గరగా అడుగున గోధుమరంగు ఉన్నా గట్టిగా ఉంటే వదిలేస్తారు. అంచుల చుట్టూ మాత్రం శుభ్రమైన, గట్టి పన్ను దొరికేదాకా తీస్తారు. అడుగు కాస్త రంగు తేలి ఉన్నా ఫిల్లింగ్ నిలుస్తుంది, అంచు మెత్తగా ఉంటే నిలవదు. లోతు ఎక్కువైన చోట కాల్షియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, దాని మీద పలచగా జీఐసీ పూశారు.

ఇక పక్కగోడ కట్టాలి. పన్ను చుట్టూ పలచటి ఉక్కు పట్టీ, పట్టీకీ పక్క పంటికీ మధ్య చిగురు దగ్గర చిన్న చెక్క మేకు. మొత్తం పనిలో పేషెంటు గమనించాల్సింది ఏదైనా ఉంటే ఈ మేకే. అది పళ్ళని కొద్దిగా ఎడం చేస్తుంది, పట్టీని పంటికి అదిమి పెడుతుంది. తీశాక పళ్ళు వెనక్కి జరిగి ఒకదానికొకటి ఆనుకుంటాయి. మేకు లేకుండా పెడితే చిగురు కిందికి కాంపోజిట్ మెట్టులా పొడుచుకొస్తుంది, చిగురు ఎప్పుడు తోమినా రక్తం వస్తుంది. ఆనుడు సరిగా రాకపోతే మామిడి పీచు మళ్ళీ అక్కడే ఇరుక్కుంటుంది.

అతుకు బాగా పట్టడానికి ముందు పంటికి నీలం రంగు జెల్ రాశారు, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం, 15 సెకన్లు. కడిగి గాలి ఊదితే పింగాణీ అంచు మంచు పట్టిన గాజులా తెల్లగా కనబడింది. లోపలి దంతపు పొరని మరీ ఎండబెట్టకూడదు, తళతళలాడే చెమ్మ ఉంచాలి. మరీ ఎండితే తరవాత జివ్వుమనే బాధ ఎక్కువవుతుంది. బాండ్ అనే అతికించే ద్రవాన్ని రుద్ది, గాలి ఊది, అది గట్టిపడటానికి నీలం కాంతి పట్టారు. తరవాత కాంపోజిట్ ఒకేసారి నింపకుండా 2 మిల్లీమీటర్ల చొప్పున, ప్రతి పొరకీ 20 సెకన్ల కాంతి. కాంతి అంతకంటే లోతుకి సరిగా వెళ్ళదు. అడుగు పచ్చిగా ఉండిపోతే పైన ఎంత మెరిసినా ప్రయోజనం లేదు. పైగా ఈ రెసిన్ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది, ఒక్కసారిగా నింపితే అంచుల దగ్గర లాగి వెంట్రుకవాసి సందు వదులుతుంది. నాకు ఐదు పొరలు పట్టాయి. ఆ నీలం కాంతిని చూడకూడదు, కళ్ళు మూసుకోవాలి.

చివరిగా కాటు, అంటే పై, కింది పళ్ళు సరిగా కలుస్తున్నాయా అని చూడటం. నీలం కాగితం పెట్టి "పళ్ళు కరిచి అటూ ఇటూ నూరండి" అన్నారు. రంగు ముద్ద పడిన ఎత్తులు అరగదీశారు. మత్తులో మనకి కాటు సరిగా తెలియదు. అక్కడ బాగుందనిపించినా ఇంటికి వచ్చి మత్తు దిగాక ఆ పన్నే ముందు తగులుతున్నట్టుంటే మరునాడే వెళ్ళాలి. 'అదే అరిగి సర్దుకుంటుంది' అని ఆగితే నమిలినప్పుడల్లా పంటి వేరు చుట్టూ దెబ్బ తగిలి, మంచి పన్నే నొప్పెడుతుంది. రెండు నిమిషాల అరగదీతతో పోయేది అది. నేను మూడో రోజు వెళ్ళాను, లేత నీలం చుక్క ఒకటి తీసేశారు, ఆ సాయంత్రానికే తేడా తెలిసింది.

మొత్తం కుర్చీలో యాభై నిమిషాలు. కాంపోజిట్ కాంతికే గట్టిపడుతుంది కాబట్టి తినడానికి ఆగాల్సింది మత్తు దిగేదాకా మాత్రమే, రెండు మూడు గంటలు, కొందరికి ఇంకాస్త. ఈలోపు తింటే బుగ్గ కొరుక్కుంటారు. పిల్లల్ని మరీ కనిపెట్టాలి. మొద్దుబారిన పెదవి వాళ్ళకి ఆటలా ఉంటుంది, నమిలి నమిలి పుండు చేసుకుంటారు. వెండి ఫిల్లింగ్ అయితే ఆ పక్క 24 గంటలు నమలకూడదు. జీఐసీ అయితే కనీసం గంట ఏమీ తినకుండా, ఆ రోజంతా గట్టివి ఆ పక్క నమలకుండా ఉండాలి.

చల్లటి నీళ్ళకి జివ్వుమనడం పది రోజులు ఉంది, రోజురోజుకీ తగ్గుతూ. తగ్గుతూ ఉన్నంతవరకూ ఫరవాలేదు. రెండు వారాలు దాటినా, పెరుగుతున్నా, రాత్రి నిద్ర లేపుతున్నా వెళ్ళి చూపించుకోవాలి. నొప్పికి చిగురు పక్కన మాత్ర పెట్టి పడుకోవడం మన దగ్గర మామూలు. ఆ మాత్ర చిగురుని కాల్చి తెల్లటి పుండు చేస్తుంది. మాత్ర మింగాలి, అది కూడా డాక్టరు చెప్పినదే. లవంగ నూనె ఒక చుక్క దూదితో పంటి గుంటలో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది. తాత్కాలిక ఫిల్లింగ్‌లో వచ్చే వాసన కూడా అదే, జింక్ ఆక్సైడ్‌తో కలిపిన యూజినాల్, లవంగ నూనెలో ఉండేదే. తాత్కాలికం అంటే వారాలు. దాన్నే నెలల తరబడి ఉంచుకుంటే అరిగి, పక్క నుంచి ఉమ్ము దిగుతుంది. లవంగ నూనె రాసుకుని వెళ్ళినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. యూజినాల్ ఆనవాలు మిగిలితే కాంపోజిట్ సరిగా గట్టిపడదు.

ఇక రోజూ చేసేది. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఫిల్లింగ్ పాడయ్యేది ఎక్కువగా అంచు దగ్గర, ఆ అంచు సందులో ఉంది, బ్రష్ సందులోకి వెళ్ళదు. దారం 45 సెంటీమీటర్లు తెంపి రెండు నడివేళ్ళకి చుట్టుకోవాలి. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు వదిలి, రంపంలా అటూ ఇటూ కదుపుతూ ఆనుడు దాటించాలి. ఒక్కసారిగా అదిమితే చిగురు తెగుతుంది. దాటాక ఒక పంటిని చుట్టినట్టు వంచి పైకీ కిందికీ నాలుగైదు సార్లు, తరవాత పక్క పంటికి. సందులు వెడల్పుగా ఉన్న పెద్దవాళ్ళకి దారం కంటే సందు బ్రష్ మేలు. బిగుతుగా దూరి, బలవంతం లేకుండా బయటికి వచ్చే సైజు తీసుకోవాలి. చీపురు పుల్ల, పిన్నీసు, అగ్గిపుల్ల వద్దు. అవి ఆహారాన్ని తీయడం కంటే చిగురుని కిందికి తోసేస్తాయి.

పేస్టు ట్యూబు వెనక సన్న అక్షరాలు చదవండి. ఫ్లోరైడ్ 1000 పీపీఎం దరిదాపుల్లో ఉండాలి. మూలికల పేస్టుల్లో కొన్నిటికి ఫ్లోరైడే ఉండదు. పెద్దలకి బఠాణీ గింజంత చాలు. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యం గింజంత పూత. రాత్రి తోమడం పొద్దున్న తోమడం కంటే ముఖ్యం, నిద్రలో ఉమ్ము బాగా తక్కువగా ఊరుతుంది కాబట్టి. తోమాక ఉమ్మేయాలి గానీ నీళ్ళతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ చాలావరకు బేసిన్‌లోకి పోతుంది. వేప పుల్ల, కానుగ పుల్ల బాగా నమిలి కుంచె చేసుకుంటే పైభాగం శుభ్రపడుతుంది, కానీ సందూ, ఫ్లోరైడూ రెండూ మిగిలిపోతాయి. బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు మాత్రం మానేయాలి. పంటి మెడ దగ్గర వేలిగోరు దిగేంత గాడి పడినవాళ్ళని చూస్తే ఎక్కువగా ఇవో, గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దే అలవాటో ఉంటుంది.

తీపి ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది చూడాలి. మందస కోవా భోజనం తరవాత తినేసి అయిపోతే ఒక్కసారే ఆమ్లం. అదే పంచదార టీ గంటకోసారి గుక్కెడు తాగుతూ కూర్చుంటే పళ్ళకి కోలుకునే వేళే దొరకదు. పాకం ఉండలు అన్నిటికంటే మొండివి, దవడ పళ్ళ గాళ్ళలో అతుక్కుని గంటలు ఉంటాయి. చోడి అంబలి, చద్దన్నం గురించి దిగులు పడనక్కరలేదు, బెల్లం కలపకపోతే. పుల్లటి మామిడికాయ, నిమ్మరసం తిన్న అరగంట దాకా తోమకూడదు, మెత్తబడ్డ పింగాణీ బ్రష్‌కి అరుగుతుంది. చెరకు గెడ పళ్ళతో చీల్చడం ఫిల్లింగ్ ఉన్న పక్క చేయకండి.

తల్లిదండ్రులకి ఒక మాట. నాకు పాడైన పన్ను మొదటి పెద్ద దవడ పన్ను. ఇది సుమారు ఆరేళ్ళకి వస్తుంది. పాల పళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే లేస్తుంది. అందుకే దీన్ని పాల పన్ననుకుని 'ఊడిపోయేదే కదా' అని వదిలేస్తారు. ఇది ఊడితే మళ్ళీ రాదు. వచ్చిన కొత్తలోనే దాని గాళ్ళని సీలెంట్ అనే పూతతో మూయించవచ్చు, డ్రిల్ కూడా అవసరం ఉండదు.

అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళని పంటి నొప్పి లేకపోయినా తీసుకెళ్ళాలి. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకునే ఈ అలవాటు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగుడికి తగులుతాయి. అంగుడు తెల్లబడి మధ్య మధ్య ఎర్ర చుక్కలు కనబడటం, మానని పుండు, గట్టిపడిన చోటు, ఇవి కేన్సర్‌కి ముందు గుర్తులు కావచ్చు. "అమ్మా, ఒకసారి నోరు పైకెత్తి చూపించండి" అని డాక్టరు అంగుడి వైపు లైటు పట్టడానికి అర నిమిషం పడుతుంది. అడగకపోతే ఆ అర నిమిషం జరగదు.

ఏడాది తరవాత మళ్ళీ అదే రెక్క ఎక్స్‌రే తీయించాను. కాంపోజిట్ కింద నీడ లేదు, దారం 'టిక్' మని దిగుతోంది, చీలడం లేదు. మొదటి ఎక్స్‌రేలోనే పై దవడలో ఇంకో పంటి పక్కన పింగాణీలో సగం దాకా చిన్న నీడ కనబడింది. దాన్ని అప్పుడు డ్రిల్ చేయలేదు. దంతపు పొరలోకి దిగని పుచ్చుని ఆపవచ్చు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ ఆరు నెలలకోసారి పూశారు, రోజూ రాత్రి ఆ సందులో దారం. రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి డాక్టరమ్మ స్కేలుతో కొలిచారు. నీడ పెరగలేదు. వచ్చే ఏడాది మళ్ళీ కొలుస్తామన్నారు.